తాంగ్‌షాన్ నేర్పే పాఠం

బీజింగ్‌కు తూర్పున సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, యాన్ పర్వతాల దక్షిణ పాదసీమలో ఉన్నది తాంగ్‌షాన్ నగరం. 1878లో ఇక్కడ కైపింగ్ బొగ్గు గనుల సంస్థ ఏర్పడింది. బొగ్గు రవాణాకై 1881లో దాదాపు 10 కిలోమీటర్ల రైలుమార్గం, 1889లో సిమెంటు కర్మాగారం వెలిశాయి. చైనా ఆధునిక పరిశ్రమకు ఇది పుట్టినిల్లు అనడం అతిశయోక్తి కాదు.

గని ప్రదర్శనశాలను తిలకించిన పిదప మేము భూకంప స్మారకవనానికి వెళ్ళాము. 1976 జూలై 28 తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషాలకు ఈ నగరం నేలమట్టమైంది. 2 లక్షల 42 వేల మందికి పైగా అసువులు బాశారు. శిథిలమైన రైలుపెట్టెల కర్మాగారాన్ని అలాగే భద్రపరచి, సమీపంలోని గోడలపై మృతుల పేర్లు చెక్కారు. వాటి ముందు మేము చాలాసేపు మౌనంగా నిలిచిపోయాము.

ఆ రాత్రి గనులలో సుమారు 10 వేల మంది పనిలో ఉండగా, దాదాపు అందరూ సజీవంగా బయటపడ్డారు. భూగర్భంలో లోతుకు పోయినకొద్దీ ప్రకంపన బలం తగ్గడమే ఇందుకు ముఖ్య కారణం. పైకి వచ్చి చూస్తే ఊరే లేదు! ఇటుక ఇళ్ళలో నిద్రించినవారినే మృత్యువు కబళించింది. కట్టడాలకు ప్రమాణంగా ఎంచిన తీవ్రత 6. వాస్తవంగా వచ్చినది 11.

మన దేశంలోనూ 1993లో భూకంపానికి గురైన కిల్లారి, నాటి పటంలో అతి తక్కువ ప్రమాదం గల ఒకటవ మండలంలోనే ఉండేది. అంచనాలు కట్టే ఇంజనీర్లము మనము. నక్షాపై సంతకం చేసే ముందు ఆ గోడలను ఒక్కసారి స్మరించుకుందాము.