హరిణ వనస్థలిలో ఒక ఉదయం

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడవ స్టేషన్ ఎల్బీనగర్. అక్కడితో ఆ మార్గం ముగుస్తుంది. విజయవాడ రహదారిపై మరికొంత దూరం సాగితే, వనస్థలిపురం వద్ద మహావీర్ హరిణ వనస్థలి ఎదురవుతుంది. ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటభూమి అయిన ఈ ప్రదేశం 1994లో జాతీయోద్యానమైంది. దీని విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. కోచింగ్ సెంటర్లకూ, బట్టల దుకాణాలకూ పేరుపడిన మన ప్రాంతానికి ఇంత చేరువలో కృష్ణజింకలు తిరుగుతున్నాయంటే నమ్మని ఇరుగుపొరుగువారు ఇంకా ఉన్నారు.

మేము పిల్లలతో సహా వెళ్ళింది విహారానికి కాదు, ప్రకృతిని పరిశీలించే స్వచ్ఛంద కార్యకర్తల శిక్షణకు. నేర్పే పెద్దాయన ముందుగా ఒక షరతు పెట్టారు: పిట్ట కనబడగానే పేరు అడగకూడదు. ఎంత పరిమాణం, ముక్కు ఎలాంటిది, నేల మీద ఉందా కొమ్మ మీదా, ఏం చేస్తోంది? ఇవి వ్రాసుకున్న తరువాతే పేరు. పుస్తకంలో తేదీ, సమయం, స్థలం తప్పనిసరి. వెతికినా కనబడని దానిని సైతం నమోదు చేయాలట.

దారిలో ఒకచోట జింక పెంటికలు కుప్పగా పడి ఉన్నాయి. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వారు. పెద్దాయన మాత్రం అక్కడే పావుగంట నిలబెట్టారు. మగ కృష్ణజింక తన ఎల్లను చాటుకోవడానికి మళ్ళీ మళ్ళీ అదే చోట పెంటికలు వేస్తుంది. నల్లని వీపు, మెలితిరిగిన కొమ్ములు గల మగది ఒంటరిగా నిలబడిందంటే అది తన హద్దును కాస్తున్నదని గ్రహించవచ్చు. ఈ జంతువుకు కావలసింది దట్టమైన అడవి కాదు, గడ్డి మైదానం. శత్రువును దూరం నుండే చూసి పరుగెత్తడమే దాని రక్షణ. పొదలు కమ్ముకుంటే ఆ రక్షణ పోతుంది. ఖాళీ నేల కనబడిన ప్రతిచోటా మొక్క నాటడమే పుణ్యమనుకునే మా ఆలోచనకు ఇది కొత్త పాఠం.

ఇంతలో తీతువు అరిచింది. మా బృందంలో ఒకామె ఉలిక్కిపడ్డారు. పక్షి అరుపుతో శకునం చూడడాన్ని ఇస్లాం ఏనాడో త్రోసిపుచ్చినా, మన ఇళ్ళలో ఆ భయం పూర్తిగా పోలేదు. తీతువు గూడు కట్టదు, నేల మీదనే గుడ్లు పెడుతుంది. దగ్గరకు వచ్చిన వారిని తరిమేందుకే ఆ కేకలు. విషయం తెలిశాక ఆమె వెనక్కి అడుగు వేసి, చుట్టూ నేలను పరికించారు.

ఈ విద్యకు మన దేశంలో ఆద్యులలో ఒకరు సలీం అలీ. బాల్యంలో ఎయిర్ గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ చూసి, ఇదేమి పిట్టో తెలుసుకోగోరి మేనమామ వద్దకు తీసుకుపోయారు. ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి మిల్లార్డ్ దొర ఓపికగా నేర్పిన పాఠాలే ఆ బాలుని జీవితాన్ని మలిచాయి. ఆయనే 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షులను నమోదు చేశారు. ఆనాటి వ్రాత ఉన్నందునే నేడు పోల్చి చూడగలుగుతున్నాము. ఇప్పుడు హైదరాబాద్ పక్షుల అట్లాస్ కోసం నగరాన్ని గళ్ళుగా విభజించి లెక్కిస్తున్నవారు కూడా స్వచ్ఛంద కార్యకర్తలే.

తిరుగు ప్రయాణంలో సరూర్‌నగర్ చెరువు గట్టున ఆగాము. కొంగలను మా అమ్మాయి పదిహేడని వ్రాసింది, ఆమె స్నేహితురాలు ఇరవై ఒకటని. పెద్దాయన ఇద్దరి పుస్తకాలూ చూసి, ఏదీ కొట్టివేయకుండా, మళ్ళీ లెక్కించమన్నారు.