అటకెక్కిన బూట్లు

విశాఖపట్నం బీచ్ రోడ్డును మీరు తెల్లవారుజామున ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఈసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు ఒక్కపూట నిద్ర మానుకుని చూడండి. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపుకు పొద్దున కొంతసేపు వాహనాలను రానివ్వరు. ఆ కాసేపూ రోడ్డంతా కాళ్ళదే రాజ్యం. రిటైరైన పెద్దమనుషులు, కాలేజీ కుర్రాళ్ళు, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపి కాన్వాసు బూట్లు తొడుక్కున్న గృహిణులు - నడిచేవారు నడుస్తుంటారు, పరుగెత్తేవారు పరుగెత్తుతుంటారు. ఉత్తరంగా సాగితే కుడిచేతివైపు సముద్రం, అందులోంచి పైకొచ్చే సూర్యుడు.

ఆ రోడ్డు మీద నాకో పాఠం దొరికింది. అది మీకు చెప్పాలంటే ముందు నా సిగ్గుమాలిన కథ చెప్పుకోవాలి.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రోజూ వ్యాయామం చెయ్యమని మీకందరికీ చెప్పే నేను అయిదేళ్ళపాటు చెప్పినట్టే చేశాను. వారానికి నాలుగు రోజులు పరుగు. నిరుడు సరదా పుట్టి, నాలుగు నెలలు సాధన చేసి, 21 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నాను. పూర్తిచేసిన వారందరికీ ఇచ్చే పతకమే నాకూ ఇచ్చారు. ఇంటికి తెచ్చి హాల్లో తగిలించాను. ఒక వారం విశ్రాంతి అనుకున్నాను. వారం రెండయింది. ఆ తరవాత వానలు, ఆపైన పెళ్ళిళ్ళు. పతకం గోడకెక్కింది, బూట్లు అటకెక్కాయి.

ఆరు నెలల్లో 6 కిలోల బరువు పెరిగాను. పరగడుపున రక్తంలో చక్కెర 118 వచ్చింది. అది 100 లోపు ఉండాలి. 126 గాని, ఆపైన గాని వచ్చి, మళ్ళీ చూసినా అలాగే ఉంటే మధుమేహం అంటాం. నడుమ ఉన్నది గుమ్మం. మా నాన్నగారు ఆ గుమ్మం దాటి, చివరి రోజుల్లో కాలివేళ్ళు రెండు పోగొట్టుకున్నారు. పరీక్ష చేసిన తోటి డాక్టరు నవ్వుతూ, "మాత్ర రాయమంటావా, మూడు నెలలు పరుగెత్తి చూపిస్తావా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే పాండురంగాపురంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను, దుమ్ము దులిపిన బూట్లతో సహా.

మొదటిరోజు పాత పౌరుషం పోలేదు. పాత వేగంతోనే బయలుదేరాను. కాళీ గుడి దాటాను. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంటున్న కురుసుర జలాంతర్గామి దాటాను. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప చేప పక్కనే నా గుండెదడ నాకు వినిపించింది. అయినా ఆగలేదు. లాసన్స్ బే దాటాక తెన్నేటి పార్కు వైపు రోడ్డు ఎత్తుకెక్కుతుంది. ఆ ఎత్తు సగంలో ఊపిరి అందక, మోకాళ్ళు పట్టుకుని గట్టు మీద కూలబడ్డాను. ఇక నావల్ల కాదు, వయసైపోయింది అనిపించింది.

మర్నాడు పిక్కలు బిగుసుకుపోయి మంచం దిగబుద్ధి కాలేదు. మా చెల్లెలు కాఫీ ఇచ్చి, "అన్నయ్యా, పరుగు వద్దులే. ఊరికే సముద్రం చూసొద్దాం పద" అంది. నెమ్మదిగా నడుస్తూ వెళితే జలాంతర్గామి దగ్గర దానికి తెలిసిన మామ్మగారు కనిపించారు. డెబ్భై దాటిన మనిషి, చీరకట్టు, కాళ్ళకు బూట్లు. నా కథ విని, "నేనూ రోజూ వస్తాను బాబూ. కాళ్ళు బాగుంటే ఇక్కడిదాకా నడుస్తాను. బాగోకపోతే గుడి దగ్గిరే కూకుని లేచిపోతాను. రావడం మాత్రం మానను" అన్నారు.

నేను పట్టించుకోనిది అదే. నాకు పరుగెత్తడానికి ఒక పందెం ఉండేది. పందెం అయిపోగానే కారణమూ అయిపోయింది. ఆవిడకు ప్రతి ఉదయమూ కారణమే.

ఇందులో శరీరధర్మం కూడా ఉంది. సాధన పూర్తిగా మానేస్తే రెండు వారాల నుంచే ప్రాణవాయువును వాడుకునే శక్తి తగ్గడం మొదలవుతుంది. అయితే ఉన్న శక్తిని నిలుపుకోవడానికి అంత శ్రమ అక్కరలేదు. అమెరికాలో 1981లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరికి వారానికి 6 రోజుల చొప్పున 10 వారాలు కఠిన వ్యాయామం చేయించారు. తరవాత 15 వారాలు కొందరికి 4 రోజులకు, కొందరికి 2 రోజులకు తగ్గించారు. చేసిన రోజున మాత్రం పాత తీవ్రతే, పాత వ్యవధే. రెండు రోజులు చేసినవారిలోనూ ఆ శక్తి దాదాపు అలాగే నిలిచింది. చూశారా! పెళ్ళిళ్ళ రోజుల్లో నేను వారానికి రెండు ఉదయాలు కేటాయించినా సరిపోయేది.

మీరూ మానేసి మళ్ళీ మొదలుపెట్టేవారైతే ఇవి గుర్తుంచుకోండి.

ఒకటి: పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే మీ వేగం. మాట తెగిపోతుంటే నెమ్మదించండి. నడక కలపడం చిన్నతనం కాదు. మొదట్లో రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక చాలు.

రెండు: గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లో తేరుకుంటాయి. కీళ్ళ దగ్గరి నరాలు, ఎముకలు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం ఒక్కసారి పెంచితే మోకాలు, మడమ మొరాయిస్తాయి.

మూడు: సముద్రతీరంలో గాలి తడిగా ఉంటుంది కాబట్టి చెమట త్వరగా ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఎండ ముదరక ముందే ముగించండి. దాహాన్ని బట్టి తాగండి. ఎక్కువసేపు పరుగెత్తితే ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయం తమ డాక్టరును అడగాలి.

నాలుగు: పరుగులో ఛాతీ బరువెక్కినా, నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగి వైద్యసాయం పొందండి. మధుమేహానికి మందులు వాడేవారు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరుకు చెప్పే మొదలుపెట్టాలి. కొన్ని మందుల వల్ల చక్కెర మరీ పడిపోవచ్చు.

అయిదు: కాలెండరులో కిలోమీటర్లు రాయకండి. గడప దాటిన రోజున ఒక గీత గీయండి. వారానికి ఎన్ని గీతలు పడ్డాయో అదే లెక్క.

విశాఖలో మిగిలిన రెండు రోజులూ గుడి నుంచి జలాంతర్గామి దాకా, మా చెల్లెలితో కబుర్లు చెబుతూ, పరుగూ నడకా కలిపి వెళ్ళాను. మా ఊళ్ళో సముద్రం లేదు. చెరువుగట్టు ఉంది. అదే నా బీచ్ రోడ్డు అనుకున్నాను.

మూడు నెలల తరవాత చక్కెర 104 వచ్చింది. బరువు 3 కిలోలు తగ్గింది. గుమ్మం ఇంకా పూర్తిగా వెనక్కి దాటలేదు, ముఖం మాత్రం ఇంటివైపు తిరిగింది. తోటి డాక్టరు మాత్ర రాయలేదు, మళ్ళీ మూడు నెలల గడువిచ్చాడు.

పతకం గోడమీదే ఉంది. బూట్లు మాత్రం ఇప్పుడు గుమ్మం పక్కనే ఉంటున్నాయి. మీ బూట్లు ఎక్కడున్నాయో ఈ రాత్రే ఒకసారి చూసుకోండి. అటకమీద ఉంటే పడుకునేముందు కిందికి దించండి. రేపు పొద్దున ఎంతదూరం వెళతారన్నది రేపు చూసుకోవచ్చు.