రెండొందల మీటర్ల ఉరుకు

పది కిలోమీటర్లు తాపీగా పరిగెత్తడం నాకు అలవాటే. కబుర్లు చెప్పుకుంటూనే లాగించేస్తాం. ఈమధ్య గచ్చిబౌలి స్టేడియం ట్రాక్ మీద ఇంటర్వెల్స్ మొదలుపెట్టాను. 200 మీటర్లు ఉరుకు, మరో 200 మెల్లగా జాగింగ్, మళ్లీ ఉరుకు. మొదట్లో హుషారే. ఆ తర్వాత మలుపు తిరిగేసరికి తొడలు బిగుసుకుపోతాయి, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. అసలు బాధ ఉరుకుతో కాదు, మధ్యలో ఆ జాగింగ్ చాలకపోవడంతో. గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంటుంది, ఈలోగా తెల్లగీత వచ్చేస్తుంది!

ఎమిల్ జాటోపెక్ అయితే 400 మీటర్లవి రోజుకు పదుల్లో కొట్టేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000, 10,000, మారథాన్ మూడూ ఊరికే గెలవలేదు మరి.

నాకు మెడల్స్ అక్కర్లేదుగానీ, ఆదివారం లాంగ్ రన్‌లో పాత వేగం ఇప్పుడు షికారులా ఉంది. ఇంటర్వెల్స్ చేసిన మర్నాడు మెట్లు ఎలా దిగానో మాత్రం అడక్కండి.