దెయ్యాన్ని చూడ్డానికి బెంగళూరు బస్సు!

పొద్దున్నే ఆరింటికి కృష్ణానగర్‌లో నిలబడితే యమభటులు టీ తాగుతూ కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏ షూటింగ్‌ వ్యాను ఎక్కబోతున్నారో ఏమో, సగం మేకప్‌తోనే ఉంటారు. అక్కణ్నుంచి పైకి, ఫిల్మ్‌నగర్‌ కొండెక్కితే సెట్టు సామాన్ల లారీలో రాక్షసుడి తలొకటి తాళ్లతో కట్టి ఉంటుంది. దాని పక్కనే ఇంద్రుడి సింహాసనం. రెండూ కలిసి గతుకుల్లో ఊగుతూ వెళ్తుంటాయి. స్కూలు పిల్లలు తప్ప ఎవరూ తల తిప్పి చూడరు. దేవుళ్లనీ దెయ్యాలనీ రోజుకూలీ మీద తయారుచేసే పేట అది. అలవాటైపోయింది.

అలాంటి చోటు నుంచి, ఆ చుట్టుపక్కల కాలనీల నుంచి 2007 మార్చిలో కొందరు కుర్రాళ్లు ఒక దెయ్యాన్ని చూడ్డానికి రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్లారు. రమారమి 570 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్‌, కర్నూలు, అనంతపురం దాటి!

ఆ దెయ్యం పేరు ఎడ్డీ. ‘ఐరన్‌ మెయిడెన్‌’ అనే ఇంగ్లిష్‌ హెవీ మెటల్‌ బృందానికి ఇలవేల్పు లాంటివాడు. వాళ్ల ప్రతి ఆల్బమ్‌ అట్ట మీదా వాడే. మొదటి ఆల్బమ్‌కి 1980లో డెరెక్‌ రిగ్స్‌ అనే చిత్రకారుడి బొమ్మతో వాడికి ఒళ్లూ కాళ్లూ వచ్చాయి. అంతకుముందు లండన్‌ పబ్బుల్లో పాడుకునే రోజుల్లో వాడు వట్టి తలకాయే. కాగితం గుజ్జుతో చేసిన ముసుగు. పాట అందుకునేసరికి దాని నోట్లోంచి ఉత్తుత్తి రక్తం చిమ్మేది. అంతే! ఈ తూర్పు లండన్‌ కుర్రాళ్లు 1975 క్రిస్మస్‌ నాడు జట్టు కట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో ప్రారంభానికి ఏర్పాట్లు చేసుకుంటున్నారు. 1976 సంక్రాంతికి స్టూడియో తెరుచుకుంది. అప్పటికి జూబ్లీహిల్స్‌ అంటే బండరాళ్లూ తుప్పలే. రాత్రిపూట ఆటోవాడు రానన్న రోజులవి.

ఇళ్లలో మాత్రం ఎడ్డీకి ఎప్పుడూ మర్యాద జరగలేదు.

‘ఏంట్రా ఆ దరిద్రపు బొమ్మ! గోడకి పుర్రెలు తగిలిస్తే లక్ష్మీదేవి ఎట్లా వస్తుంది ఇంట్లోకి?’

‘దెయ్యం కాదమ్మా, ఎడ్డీ.’

‘ఎడ్డివాడో తెడ్డివాడో... ముందు తియ్యి!’

ఇంజినీరింగ్‌ చదివే పిల్లలున్న ఇంట్లో ఆ రోజుల్లో ఈ సంభాషణ కొత్తేం కాదు. నల్ల టీషర్టు వేసుకుంటే పిల్లాడు చెడిపోతున్నాడని దిగులు. ఆ అరుపుల పాటలు వింటే చదువు అటకెక్కుతుందని భయం. ఆ భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. పుర్రెలు, సమాధులు, 666 అంకె... చూసినవాళ్లు ఏమనుకోవాలి? 1982లో వచ్చిన ‘ది నంబర్‌ ఆఫ్‌ ద బీస్ట్‌’ ఆల్బమ్‌ని అమెరికాలో మతపెద్దలు సైతాను పాటలన్నారు. మన అమ్మలు వాళ్ల కంటే చాలా నయం. బొమ్మ తియ్యమన్నారు గానీ తగలబెట్టలేదు.

కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. చావునీ చీకటినీ వేషం కట్టించి ఆడించడం తెలుగువాళ్లకి కొత్తా? ఆషాఢం వస్తే జూబ్లీహిల్స్‌ పెద్దమ్మ గుడి దగ్గరే బోనాలు. ఒళ్లంతా పసుపు, కాళ్లకి గజ్జెలు, చేతిలో కొరడా... పోతరాజు డప్పు మీద ఎగురుతుంటే చంకలో పిల్లాడు ఝడుసుకుంటాడు, తల్లి వాణ్నే దగ్గరికి తీసుకెళ్లి దండం పెట్టిస్తుంది. ఇక యముడి సంగతి సరేసరి. ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988)... మృత్యుదేవతని పట్టుకుని ఇంత అల్లరిపెట్టిన సినిమా పరిశ్రమ ఇంకెక్కడైనా ఉందా? ఎడ్డీని జనం చూసిన 2007లోనే ఆగస్టు 15న ‘యమదొంగ’ వచ్చింది. కుటుంబాలన్నీ కట్టకట్టుకుని వెళ్లి చూశాయి.

సరే, బెంగళూరు కథకి వద్దాం.

మార్చి 17, శనివారం. ప్యాలెస్‌ గ్రౌండ్స్‌. ఆ స్థాయి మెటల్‌ బృందమేదీ అప్పటిదాకా మన దేశంలో అడుగుపెట్టలేదు. క్యాసెట్లు ఒకరి దగ్గర ఒకరు కాపీ చేసుకుని, పాటల సాహిత్యం నోటుపుస్తకాల్లో రాసుకుని పెరిగిన పిల్లలకి వాళ్లొస్తున్నారంటే నమ్మకం కుదరలేదు. హైదరాబాద్‌, చెన్నై, ముంబై, ఈశాన్య రాష్ట్రాలు... ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పొద్దున్న బస్సు దిగిన నల్లచొక్కాలు మధ్యాహ్నానికే గేటు ముందు బారులు తీరాయి. అందరిదీ ఒకటే యూనిఫారం కావడంతో ఊరు, భాష అడిగే పనిలేకుండా పోయింది. మామూలుగా మన ఊళ్లో నల్ల టీషర్టు పిల్లాడు ఒంటరి. వీధిలో వింతగా చూస్తారు. అక్కడ మాత్రం వేలమంది! ఇంతమంది ఉన్నామా అని ఒకరినొకరు చూసుకోవడమే సగం కచేరీ.

ఆ సాయంత్రం దేశమంతా టీవీల ముందుంది. వెస్టిండీస్‌లో ప్రపంచకప్‌. భారత్‌, బంగ్లాదేశ్‌ మ్యాచ్‌. ఇక్కడ వేదిక మీద ముందుగా లారెన్‌ హారిస్‌ పాడింది. ఐరన్‌ మెయిడెన్‌ పెట్టిన స్టీవ్‌ హారిస్‌ కూతురామె. ఢిల్లీ బృందం ‘పరిక్రమ’ కూడా వాయించింది. వాళ్లది వయొలిన్‌ ఉన్న రాక్‌ బృందం. ఆ ఏడాది జూన్‌లోనే ఇంగ్లాండ్‌లోని డౌన్‌లోడ్‌ ఉత్సవంలో వాయించే అవకాశం కూడా వాళ్లకి దక్కింది.

తర్వాత అసలువాళ్లు. ముగ్గురు గిటారిస్టులు ఒకే వరసని మూడు గొంతుల్లో పాడినట్టు వాయిస్తారు. హారిస్‌కి ఆ వారమే 51 నిండాయి. గాయకుడు బ్రూస్‌ డికిన్సన్‌కి 48. ఇంట్లో నాన్న వయసు! అటు మెట్లెక్కి ఇటు దూకుతూ, ఒక్క క్షణం కుదురుగా నిలబడడు. గొంతు మాత్రం చెదరదు. ‘ఫియర్‌ ఆఫ్‌ ద డార్క్‌’ వచ్చేసరికి గిటార్‌ వరసని జనమే అందుకుంటారు. మాటల్లేవు, వట్టి రాగం. చీకట్లో ఒంటరిగా నడిచే మనిషికి వెనక ఎవరో వస్తున్నారని కలిగే బెదురు గురించిన పాట అది. దాన్ని వేలమంది కలిసి పాడితే బెదురెక్కడ మిగులుతుంది? సైతాను పాటలని దూరంనుంచి భయపడేవాళ్లకి తెలియని సంగతి ఇదే. లోపల ఉన్నవాళ్లు భయపడ్డానికి కాదు, భయాన్ని పంచుకోవడానికి వస్తారు.

ఎడ్డీ కచేరీ చివర్లో వస్తాడు. అదీ లెక్క ప్రకారం. ఫిల్మ్‌నగర్‌ మేకప్‌మన్‌ ఎవరైనా చూస్తే రెండు నిమిషాల్లో గుట్టు విప్పేస్తాడు: కర్రకాళ్ల మీద నిలబడ్డ మనిషి, పైన నురగ రబ్బరు ఒళ్లు, తల కింద చూడ్డానికి చిన్న సందు. రెండంతస్తుల మేడంత కనిపించడానికి కారణం లైటు కిందనుంచి కొట్టడం. పొగకీ రెండు రకాలున్నాయి. నేలమీద మబ్బులా పాకాలంటే డ్రై ఐస్‌. అంటే గడ్డకట్టిన కార్బన్‌ డయాక్సైడ్‌. వేడినీళ్లలో వేస్తే వచ్చే చల్లటి ఆవిరి బరువుగా ఉండి పైకి లేవదు. మన స్వర్గలోకం సీన్లన్నీ దాని పుణ్యమే. లైటు కిరణాలు గాల్లో గీతల్లా కనబడాలంటే అది పనికిరాదు. ద్రవాన్ని వేడిచేసి పలచగా గాల్లోకి వదిలే యంత్రం కావాలి. రాక్‌ వేదికల మీద ఎక్కువగా ఉండేది ఈ రెండోదే. తెలిసినవాడు కూడా ఎడ్డీ రాగానే కేక పెడతాడు. సురభి ‘మాయాబజార్‌’లో లడ్డూలు తీగమీద ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడుతున్నాయని ముందు వరసలో పిల్లాడికి కూడా తెలుసు. అయినా చప్పట్లు ఆగుతాయా?

సురభిని ఊరికే తలుచుకోలేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన ఆ నాటక సమాజాల పద్ధతీ ఇదే. తండ్రి హార్మోనియం, కూతురు నాయిక, సామాన్లూ సంసారమూ ఒకే లారీలో. 2013లో సురభి బాబ్జీకి పద్మశ్రీ ఇచ్చినప్పుడు మురిసిపోయిన ఇళ్లలోనే, కూతురితో కలిసి ఊరూరా తిరిగే హారిస్‌ని చూసి ముఖం చిట్లించారు. మరుసటేడు అయితే మరీనూ. 2008 ఫిబ్రవరి 1న ముంబైలో కొత్త యాత్ర మొదలుపెట్టడానికి బృందమూ, పనివాళ్లూ, 12 టన్నుల సామానూ ఒకే బోయింగ్‌ 757లో దిగారు. పైలట్‌ ఎవరనుకున్నారు? గాయకుడు డికిన్సన్‌! లైసెన్సున్న విమాన చోదకుడాయన. పగలు విమానం, రాత్రి పాట.

2009లో మూడోసారి వచ్చారు. ఫిబ్రవరి 15, మళ్లీ బెంగళూరే. ఆ సమయానికి హైదరాబాద్‌ థియేటర్లలో ‘అరుంధతి’ నడుస్తోంది. జనవరి 16న విడుదలైన ఆ సినిమాలో సమాధిలోంచి లేచొచ్చిన పశుపతి ఊళ్లన్నిటినీ హడలెత్తిస్తున్నాడు. తెర మీద సోనూసూద్‌, గొంతు రవిశంకర్‌ది. ఎడ్డీ బొమ్మ తియ్యమన్న అమ్మలే పశుపతిని చూడ్డానికి రెండోసారి టికెట్లు తెప్పించుకున్నారు. కుళ్లిన ముఖం, జడలు, గోళ్లు... పక్కపక్కన నిలబెడితే ఎడ్డీకి తమ్ముడే!

2011 అక్టోబరులో ‘మెటాలికా’ వచ్చినప్పుడు 28న గుర్‌గావ్‌లో కచేరీ రద్దయి, జనం వేదిక మీదపడి సామాన్లు విరగ్గొట్టారు. రెండు రోజులకి బెంగళూరులో అదే కచేరీ సజావుగా జరిగింది. నల్లచొక్కాలది తప్పా, నిర్వాహకులదా అని చాలాకాలం వాదనలు నడిచాయి. ఇళ్లలో మాత్రం ‘చూశావా, అందుకే వద్దన్నాను’ అనడానికి గుర్‌గావ్‌ ఒక్కటే గుర్తుండిపోయింది.

ఇక్కడే ఒక చిన్న బాధ. ఇన్ని మాయలు తెలిసిన చేతులు చెక్‌పోస్టు చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఉండగా ఆ మూడేళ్లలో ఒక్కసారీ ఆ వేదిక హైదరాబాద్‌లో లేవలేదు. సినిమా వాళ్ల ఆడియో వేడుకలకి రాత్రికి రాత్రి కోటలు లేపే ఊరు మరి! తమ్ముడు సినిమాకి (1999) రమణ గోగుల పూర్తి ఇంగ్లిష్‌ రాక్‌ పాటే పెడితే ఊరూరా ఆటోల్లో మోగింది కదా. చెవులు లేక కాదు. ఇప్పుడు కాలం కొంత మారింది. 2025 ఫిబ్రవరి 2న ఎడ్‌ షీరన్‌ రామోజీ ఫిల్మ్‌సిటీలో పాడాడు. చెక్‌పోస్టు దగ్గర మెట్రో స్టేషన్‌ కూడా వచ్చింది. 2007లో బస్సెక్కిన కుర్రాళ్లలో కొందరి పిల్లలకే ఇప్పుడు నల్లచొక్కాల వయసు వస్తోంది.

ఆ రాత్రి కచేరీ అయ్యాక గేటు బయట మళ్లీ మామూలు లోకం. గొంతులు పోయాయి, చెవుల్లో హోరు. ఎవరో ఇంటికి ఫోన్‌ చేశారు. క్షేమమేనా అన్న ప్రశ్న కంటే ముందు అవతలినుంచి వార్త వచ్చింది: మనవాళ్లు 191కే ఆలౌటట! తెల్లారేసరికి బంగ్లాదేశ్‌ అయిదు వికెట్లతో గెలిచింది. దేశమంతా మొహాలు వేలాడేసుకున్న ఆ ఆదివారం కొన్ని నల్లచొక్కాలు మాత్రం తిరుగు బస్సులో, ఎందుకో చెప్పుకోలేని సంతోషంతో, కర్నూలు దాకా నిద్రపోకుండా వచ్చాయి.