నడిమి గీత
మా మాదిగ్గూడెం ఊరి బయట. నడుమ మురిక్కాలువ. ఈ గీత ఎవరు గీశారయ్యా అంటే "నేను పుట్టకముందే ఉందిరా" అనేవాడు మా అయ్య.

మినియాపొలిస్‌లోనూ గీతలున్నాయి. రంగును బట్టి పేటలు విడదీసే చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1917లోనే కొట్టేసింది. అయినా స్థలానికి ఒకే కుటుంబం ఉండాలనే రూలు మిగిలింది. అంత ఇల్లు కొనలేని నల్లవాళ్లు బయటే ఉండిపోయారు. 2018 డిసెంబరులో నగర కౌన్సిల్ దాన్ని మార్చింది. 2020 నుంచి మూడు వాటాల దాకా కట్టుకోనిచ్చింది.

డౌన్‌టౌన్ దగ్గర ఓ తెలుగాయన వాటా అద్దెకడిగాను. అద్దె కుదిరింది. "ఇంటిపేరేంటండీ?" అన్నాడు. చెప్పాను. "కబురు చేస్తా" అన్నాడు. చెయ్యలేదు.

మూడో వాటాలో మాదిగోణ్ణి ఉంచమని ఏ జోనింగు రూలు చెప్తది? సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. ఆ రూలు ప్రతి ఊళ్లో పడాలి. మా ఊరితో సహా.