మలుపు దగ్గర సీటు తీసుకో, అల్లుడూ

మా అల్లుడిది మహబూబ్‌నగర్. చదువుకని డాలస్ వచ్చాడు. ఈ అక్టోబర్‌లో మా ఆస్టిన్‌కొచ్చి ఫార్ములా వన్ చూస్తాడట. ‘మామా, స్టార్టింగ్ లైన్ ఎదురుంగ టికెట్ దొరుకుతదా?’ అని ఫోన్ చేశాడు. దొరుకుతుంది. కానీ అంత డబ్బు పోయదగ్గ సీటు అది కాదని నా పట్టు.

గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83 మీటర్లు. మెడ తిప్పేలోపు కారు మాయం. అదే కారు మళ్లీ కనబడాలంటే దాదాపు నిమిషం నలభై సెకన్లు ఆగాలి. సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ చుట్టుకొలత అయిదున్నర కిలోమీటర్లు, రేసు 56 చుట్లు. అందుకని కారు దూసుకుపోయే చోట కాదు, వేగం చంపుకునే చోట కూర్చోవాలి. ఇక్కడి పన్నెండో మలుపు అలాంటిది. కిలోమీటరు దాకా తిన్నగా వచ్చిన కారు అక్కడ వందలోపుకు దిగాలి. బ్రేకు ఆలస్యంగా తొక్కే ధైర్యం ఎవడికుంటే వాడు లోపలివైపు నుంచి దూరతాడు. ధైర్యం ఎక్కువైతే ముందు టైరు బిగుసుకుపోయి తెల్లటి పొగ లేస్తుంది, కారు గీత దాటి బయటికి పోతుంది. పదిహేనో మలుపు స్టాండ్ నుంచైతే ఇదంతా, ఆపైన మరో మూడు మలుపులూ కనబడతాయి. మేళ్లచెరువు జాతరలో బండలాగుడు పోటీలకు పోతే మా నాయిన ఎడ్లను తిప్పే కొస దగ్గరే నిలబడేవాడు. జోడీ సత్తా, తోలేవాడి నేర్పు అక్కడే బయటపడతాయని.

స్టాండ్ టికెట్ మోయలేనంటే మొదటి మలుపు గుట్ట మీద గడ్డిలో కూర్చోవచ్చు. పొద్దున్నే పోకపోతే ముందు వరస దొరకదు. శుక్రవారం ప్రాక్టీస్ నాడే పోయి నాలుగు వైపులా నడిచి చూస్తే, ఆదివారం ఎక్కడ కూర్చోవాలో నీకే తెలుస్తుంది. 2022లో మూడు రోజులకు కలిపి 4 లక్షల 40 వేల మంది వచ్చారని లెక్క చెప్పారు. అంత జనంలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. టికెట్ ముందే దించుకో, దోస్తులు ఎక్కడ కలవాలో పొద్దున్నే మాట్లాడుకో.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ చూసిన మా బావ ‘సప్పుడే లేదు’ అని పెదవి విరిచాడు. అవి కరెంటు కార్లు మరి. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడని కూడా ఆయనకు మర్నాడు పేపర్‌లోనే తెలిసిందట. మరుసటేడు రేసే రద్దయింది. ఇక్కడ సప్పుడుకు కొదవ లేదు. 2014లో ఇంజన్లు మారాక మోత తగ్గిందని పాతకాపులు గొణుగుతారు గానీ, చెవుల్లో పెట్టుకునేవి మాత్రం మర్చిపోకు.

మహబూబ్‌నగర్, నల్లగొండ ఎండల్లో పెరిగినోళ్లకు టెక్సాస్ ఎండ ఓ లెక్కా అనుకోవద్దు. అక్కడ ఎండ ముదిరితే నీడకు పోతాం. ఇక్కడ డబ్బిచ్చి మరీ ఎండలో కూర్చుంటాం. టోపీ, నీళ్లు, నడకకు అలవాటైన బూట్లు ఉండాలి.

రేసు అయ్యాక కంచె దూకకు. 2024లో జనం ముందే ట్రాక్ మీదికి దిగారని నిర్వాహకులకు 5 లక్షల యూరోల జరిమానా వేశారు. బస్సుల వరస ఎలాగూ కదలదు. సగం జనం పోయేదాకా కూర్చుని, ఏదైనా తిని బయలుదేరు.