అద్దె యింటి మరమ్మతు: ఎవరి భారం?

ఇంటికి యజమాని ఒకరు, నివాసి మరొకరు అయినప్పుడు గోడకంటె ముందు మాటకు బీటలు పడతాయి. పాఠాలు చెప్పుకొనే మాకు ఈ సత్యం గ్రంథాలలో గాక నరసరావుపేటలోని ఒక అద్దె యింట బోధపడింది.

మా పల్నాటి పాత యిండ్లు అనేకం నాపరాతి బండల కప్పుతో కట్టినవి. బండకూ బండకూ నడుమ సున్నం చెదరితే వాననీరు తన దారి తాను వెదకుకొంటుంది. గత శ్రావణంలో ముసురు పట్టిన ఒక రాత్రి, పిల్లలు చదువుకొనే గదిలో స్విచ్‌బోర్డు చిటపటలాడి నిప్పురవ్వలు రాల్చింది. మెయిన్ ఆపివేసి, తెల్లవారగానే యజమానురాలికి తెలియజేశాము. ఆమె వృద్ధురాలు. భర్త గతించిన పిదప మేమిచ్చే అద్దెయే ఆమెకు జీవనాధారం. "మీరే మనిషిని పిలిపించుకోండి మాస్టారూ, ఖర్చు సంగతి తర్వాత చూద్దాం" అన్నారామె.

ఆ "తర్వాత"లోనే తగవంతా దాగి ఉన్నది. పని ముగిసి, రాకకూలితో కలిపి 1,100 రూపాయలు చెల్లించిన పిమ్మట, "స్విచ్చులు వాడేది మీరు గదా" అని ఆమె. "కప్పు మీది గదమ్మా" అని మేము.

చట్టం ఏమన్నదో చూచాము. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం, వేరు ఒప్పందంగాని స్థానికాచారంగాని లేనప్పుడు, సహజమైన అరుగుదల మినహా ఇంటిని తీసుకొన్న స్థితిలోనే అద్దెదారు ఉంచవలె. యజమాని తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిదప కూడా తగిన గడువులో చేయకపోతే, అద్దెదారు చేయించి ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకొనవచ్చు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం పద్దులను మరింత వివరంగా పంచింది. కట్టడపు మరమ్మతు, సున్నాలు, గొట్టాల మార్పు, వైరింగు యజమానివి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారువి. ఏ నెలలోనూ తగ్గింపు అద్దెలో సగానికి మించరాదన్నది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం శాసనం చేస్తేనే దానికి బలం.

ఈ పట్టిక ప్రకారం స్విచ్చు మాది, వైరు ఆమెది. మరి రాకకూలి ఎవరిది? దానికి సమాధానం పనివాని నోట దొరికింది: "బోర్డుకేం కాలేదండీ, పైనుంచి గొట్టంలోగుండా నీళ్లు దిగినయ్యి." చెడుపు కనిపించిన చోటు గాక, పుట్టిన చోటు చూడవలెనని మాకు తోచింది. మా ఇస్త్రీపెట్టె వల్ల బోర్డు కాలి ఉంటే మొత్తం మేమే భరించవలసినది. కప్పు కారినందున అది యజమాని పద్దు.

ఆమెను పిలిచి తడిసిన గోడ చూపించాము. చాలసేపు చూచి, "నిజమే నాయనా, ఒక్కసారిగా మాత్రం ఇచ్చుకోలేను" అన్నారు. నెలకు 550 చొప్పున రెండు నెలల అద్దెలో తగ్గించుకొన్నాము. చట్టం చూపిన సగం దాకా మేము పోలేదు. తర్వాతి వానకు ముందే ఆమె మేస్త్రీని పిలిపించి బండల సందులు పూడ్పించారు.

మాచర్ల, గురజాల ప్రాంతాల నుండి వచ్చి అద్దె గదులలో చదువుకొంటున్న విద్యార్థి మిత్రులారా! గదిలో చేరిననాడే ఏది బాగున్నదో, ఏది చెడినదో కాగితంపై వ్రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఏ ఖర్చు ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. పనివానిని పిలువక ముందే యజమానికి తెలియజేయండి. చెడుపుకు కారణమేమో రసీదుపై వ్రాయించండి. హక్కు తెలిసినవానికి గొంతు పెంచవలసిన అవసరం తక్కువ. ఎదుటివారి ఇబ్బంది తెలిసినవానికి అది మరింత తక్కువ.